జపాన్ పనికి వెళ్లాలనుకుంటే ఏజెంటుకి డబ్బు కట్టే ముందు ఇది చదవండి

కొత్తవలస దగ్గర గేటు పడిందంటే ఛత్తీస్‌గఢ్‌లోని కిరండూల్ నుంచి వచ్చే గూడ్సు ఎంతసేపటికీ అయిపోదు. చిన్నప్పుడు మా నాన్న సైకిల్ మీద ముందు కూర్చుని వ్యాగన్లు లెక్కపెట్టేవాణ్ని, ఈ ఎర్రమట్టి అంతా ఎక్కడికి పోతోందని అడిగితే "జపాన్‌కిరా" అనేవారు. అది నిజమే. అక్కడి బైలదిల్లా గనుల ఇనుప ఖనిజం కొనడానికి జపాన్ స్టీలు కంపెనీలు 1960లో ఒప్పందం చేసుకున్నాయి, దాన్ని విశాఖ పోర్టుకి దించడానికే కొండల్లో సొరంగాలు తొలిచి ఈ కె.కె. లైను వేశారు. మా నాన్న ఆ లైను మీదే గ్యాంగ్‌మన్‌గా పనిచేశారు. నేను 2019లో ఆ జపాన్‌కే వెళ్లి, కూరలు, బెంటో అనే భోజనం డబ్బాలు ప్యాక్ చేసే ఫ్యాక్టరీల్లో ఐదేళ్లు పనిచేసి వచ్చాను.

వచ్చినప్పటి నుంచి వారానికి ఒకరిద్దరైనా ఫోన్ చేస్తుంటారు. రాజాం నుంచి, చీపురుపల్లి నుంచి, ఎక్కువగా ఉద్దానం వైపు నుంచి. ప్రశ్న దాదాపు ఒకటే: "అన్నా, ఏజెంటు నాలుగు లక్షలు అడుగుతున్నాడు, కట్టొచ్చా?" ఫోన్లో పది నిమిషాల్లో చెప్పలేకపోతున్నాను కాబట్టి నాకు తెలిసిందంతా ఇక్కడ రాస్తున్నాను. మీరే వెళ్లాలనుకుంటున్నా, మీ ఇంట్లోవాళ్లని పంపాలనుకుంటున్నా చివరిదాకా చదవండి.

ముందు, వాళ్లకి మనం ఎందుకు కావాలో తెలుసుకోండి

ఇది చరిత్ర పాఠం కదా అని దాటెయ్యకండి. ఈ ముక్క అర్థమైతేనే ఏజెంటు ముందు కూర్చున్నప్పుడు ధైర్యం వస్తుంది.

జపాన్ ప్రభుత్వం తన డబ్బు యెన్‌లలో అప్పు అనేది ప్రపంచంలో మొట్టమొదట ఇచ్చింది మన దేశానికే, 1958లో. 1990లలో పేద దేశాలకి అందరికంటే ఎక్కువ సాయం ఇచ్చిన దేశం కూడా జపానే. మన పక్కనున్న పరవాడ సింహాద్రి థర్మల్ స్టేషన్ దగ్గర్నుంచి ఢిల్లీ మెట్రో దాకా వాళ్ల అప్పు సాయంతో కట్టినవి చాలా ఉన్నాయి. ఇందులో మంచి ఉంది, కాదనను. అయితే ఖనిజం తీసుకున్నా, అప్పు ఇచ్చినా, యంత్రాలు అమ్మినా వాళ్ల అవసరం ఒకటి దాని వెనక ఎప్పుడూ ఉంది. అందులో తప్పేం లేదు, ఏ దేశమైనా అంతే. మనం మాత్రం ఆ అవసరం ఏమిటో చూసుకోవాలి.

ఇప్పుడు వాళ్ల అవసరం మనుషులు. 2008 ప్రాంతంలో 12.8 కోట్లు ఉన్న జనాభా 2024 నాటికి 12.4 కోట్లకి దిగింది. 2024లో దేశం మొత్తం మీద పుట్టిన పిల్లలు 7 లక్షలు కూడా లేరు. నూటికి 29 మంది 65 దాటినవాళ్లే. నేనున్న ఊళ్లో స్కూలు మూసేసి వృద్ధాశ్రమం చేశారు. సాయంత్రం పొలంలో పనిచేసుకుంటూ కనిపించేవాళ్లంతా మా తాత వయసు వాళ్లు. అందుకే 2024 అక్టోబరు నాటికి అక్కడ పనిచేసే విదేశీయులు 23 లక్షలు అయ్యారు, అందులో వియత్నాం వాళ్లే 5.7 లక్షలు. 2025 ఆగస్టులో మన ప్రధాని టోక్యో వెళ్లినప్పుడు, ఐదేళ్లలో మన దేశం నుంచి 50 వేల మంది నైపుణ్యం ఉన్నవాళ్లని తీసుకుంటామని రాసుకున్నారు కూడా.

అంటే మీరు వెళ్లడం వాళ్లు మీకు చేసే ఉపకారం కాదు. ఫ్యాక్టరీ లైను ఆగిపోకుండా, ముసలాయన మంచం మీంచి లేచి స్నానం చేయగలిగేలా చూడటానికి వాళ్లకి మీ చేతులు కావాలి. ఉద్యోగం "ఇప్పిస్తున్నందుకు" లక్షలు అడిగేవాడు ఈ సంగతి మీకు తెలియదనే ధీమాతోనే అడుగుతాడు.

ఏ దారిలో వెళ్లాలి

రెండు దారులు గుర్తుపెట్టుకోండి. ఒకటి టెక్నికల్ ఇంటర్న్, మన దేశంతో 2017లో ఒప్పందం జరిగింది, నేను వెళ్లింది అందులోనే. రెండోది స్పెసిఫైడ్ స్కిల్డ్ వర్కర్, జపాన్ భాషలో తొకుతెయ్ గినో అంటారు, 2019 ఏప్రిల్‌లో మొదలైంది, మనతో ఒప్పందం 2021 జనవరిలో అయింది.

మీకు ఎంచుకునే వీలుంటే రెండోదానికే వెళ్లండి. ఎందుకో చెప్తాను.

ఇంటర్న్ పద్ధతి 1993లో పెట్టారు. పేద దేశాల కుర్రాళ్లకి పని నేర్పి వెనక్కి పంపిస్తాం, వాళ్ల దేశాలు బాగుపడతాయి అన్నది కాగితం మీద ఉన్న మాట. కూలీల కొరత తీర్చుకోవడానికి దీన్ని వాడకూడదని ఆ చట్టం మూడో సెక్షన్‌లోనే రాసి ఉంది. నేను మూడేళ్లు చేసిన పని ఏమిటంటే, నాలుగు డిగ్రీల చలి గదిలో బెల్టు మీద వచ్చే డబ్బాలో ఎడమ మూల ఊరగాయ ముక్క పెట్టడం, మధ్యలో చేప పెట్టడం, అంతే. ఆ విద్యతో కొత్తవలస వచ్చి ఏ పరిశ్రమ పెట్టగలను? అసలు ఇబ్బంది అది కూడా కాదు. ఇంటర్న్‌గా వెళ్లినవాడు తన ఇష్టంతో కంపెనీ మారడానికి లేదు. సూపర్‌వైజరు తిట్టినా, ఓవర్‌టైం డబ్బు ఎగ్గొట్టినా చాలామంది అక్కడే పడి ఉంటారు, లేదా పారిపోతారు. 2023 ఒక్క ఏడాదిలోనే 9,753 మంది ఇంటర్న్‌లు పారిపోయారు. సగానికి పైగా ఇంటర్న్‌లు సొంత దేశంలో అప్పు చేసి వచ్చినవాళ్లేనని జపాన్ ఇమ్మిగ్రేషన్ వాళ్లు 2022లో బయటపెట్టిన సర్వేలోనే తేలింది. నెత్తి మీద అప్పు ఉన్నవాడు నోరు ఎత్తలేడు. నాతో గదిలో ఉన్న వియత్నాం అబ్బాయి జ్వరంతో వణుకుతూ కూడా డ్యూటీకి వచ్చేవాడు. "ఒక రోజు మానేస్తే వడ్డీ ఎవరు కడతారు" అని ఫోన్లో అనువాదం పెట్టి చూపించాడు. అది ఇప్పటికీ కళ్లముందు ఉంది.

ఈ పద్ధతిని తీసేస్తూ 2024లో చట్టం చేశారు, 2027 ఏప్రిల్ నుంచి దాని బదులు కొత్తది వస్తుంది, అందులో కొంతకాలం పనిచేశాక అదే రంగంలో కంపెనీ మారొచ్చు. ఎవరైనా ఇంటర్న్ అని చెప్తే పాతదా కొత్తదా అని తప్పకుండా అడగండి.

తొకుతెయ్ గినోలో అయితే అదే రంగంలో ఇంకో కంపెనీకి మారే హక్కు మొదటి నుంచీ ఉంది. జీతం అదే పని చేసే జపాన్ వాళ్లకి తగ్గకూడదు. చదువు ఇంత ఉండాలన్న నియమం లేదు, 18 ఏళ్లు నిండాలి, ఆ రంగం పరీక్ష, భాష పరీక్ష పాస్ అవ్వాలి. ఇంటర్న్‌గా మూడేళ్లు బాగా పూర్తిచేసినవాళ్లకి అదే రంగంలో ఈ పరీక్షలు అక్కర్లేదు, నేను అలాగే మారాను. ఈ తొకుతెయ్ గినో వీసాలో రెండు రకాలున్నాయి. మొదటి రకం మీద మొత్తం ఐదేళ్లు ఉండొచ్చు, భార్యాపిల్లల్ని తీసుకెళ్లడానికి లేదు. పెళ్లైనవాళ్లు ఈ ముక్క ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవాలి, తర్వాత టెన్షన్ పడి లాభం లేదు. రెండో రకానికి ఎదిగితే కుటుంబాన్ని తీసుకెళ్లొచ్చు.

రంగాలు 2024లో 16కి పెరిగాయి. మన వైపు వాళ్లకి సరిపోయేవి చెప్తాను. ఉద్దానం నుంచి గల్ఫ్‌కి వెళ్లి వెల్డింగ్, పైప్ ఫిట్టింగ్ చేసి వచ్చినవాళ్లు ఊరికి పదిమంది ఉంటారు, వాళ్లు ఓడల తయారీ, నిర్మాణం వైపు చూడాలి. తీరం కుర్రాళ్లకి చేపల వేట, చేపల పెంపకం రంగం ఉంది, వ్యవసాయం ఉంది, ఆహార పదార్థాల తయారీ ఉంది. ఏ పరీక్ష మన దేశంలో ఎప్పుడు, ఏ ఊళ్లో పెడుతున్నారో పరీక్షలు పెట్టే ప్రోమెట్రిక్ కంపెనీ సైట్‌లో మీరే చూసుకోండి, అన్ని రంగాలకీ ఇక్కడ ఒకేలా పెట్టరు.

ఆడపిల్లలకి, ముఖ్యంగా ఏఎన్ఎం, జీఎన్ఎం చదివినవాళ్లకి ఒక మాట. కైగో అంటే వృద్ధుల సంరక్షణ, నర్సు ఉద్యోగం కాదు. స్నానం చేయించడం, తినిపించడం, డైపర్ మార్చడం, రాత్రి డ్యూటీలో పిలిస్తే లేచి వెళ్లడం. గౌరవంగానే చూస్తారు, కానీ ఇంజెక్షన్ ట్రే పట్టుకుంటామనుకుని వెళ్తే మొదటి నెలలోనే ఏడుపొస్తుంది. దీనికి భాష పరీక్ష కూడా ఒకటి అదనంగా ఉంటుంది. మూడేళ్లు పనిచేశాక కైగో ఫుకుషిషి అనే జాతీయ పరీక్ష పాసైతే అక్కడే స్థిరపడే వీసా వస్తుంది, కుటుంబాన్ని కూడా పిలిపించుకోవచ్చు. కష్టానికి ఓర్చుకోగలిగితే నా దృష్టిలో అన్నిటికంటే మంచి దారి ఇదే.

డబ్బు ఖర్చుపెట్టాల్సింది భాష మీద

ఏజెంటుకి కట్టాలనుకున్న దాంట్లో పదో వంతు భాషకి పెట్టండి, చాలు. కావలసింది జేఎల్‌పీటీ అనే జపాన్ భాష పరీక్షలో ఎన్4 స్థాయి, లేదా జేఎఫ్‌టీ బేసిక్ అనే ఇంకో భాష పరీక్ష, ఏదో ఒకటి. జేఎల్‌పీటీ మన దేశంలో ఏడాదికి రెండుసార్లు, జులైలో, డిసెంబరులో. ఎన్4 పాస్ అవ్వాలంటే 180కి 90 రావాలి. జేఎఫ్‌టీ కంప్యూటర్ మీద రాసేది, 250కి 200 రావాలి, దాని కోసం ఆరు నెలలు కాచుకోనక్కర్లేదు.

అమ్మో జపాన్ భాషా అని భయపడకండి. రాత కష్టమే, ఒప్పుకుంటాను. మాట మాత్రం మనకి చాలా దగ్గర. "నేను అన్నం తింటాను" అనడానికి "వతాషి వ గోహన్ ఓ తబెమాస్" అంటారు. వతాషి నేను, గోహన్ అన్నం, తబెమాస్ తింటాను. క్రియ మనలాగే చివర్లో వస్తుంది. "విజయనగరం ని ఇకిమాస్" అంటే విజయనగరంకి వెళ్తాను, మన "కి" ఉన్నచోట వాళ్ల "ని". వెళ్తారా అని అడగాలంటే మనం చివర దీర్ఘం తీసినట్టు వాళ్లు "కా" తగిలిస్తారు, "ఇకిమాస్ కా?" పేరు తర్వాత మనం గారు పెట్టినట్టే వాళ్లు సాన్ పెడతారు. ఇంగ్లిష్‌లో నుంచి జపనీస్ నేర్చుకోవడానికి మీరు కుస్తీ పడక్కర్లేదు, తెలుగులో నుంచి నేరుగా ఆలోచించండి. ఇంగ్లిష్ రాదని సిగ్గుపడే మా బ్యాచ్ కుర్రాడు, గజపతినగరం వైపు వాడు, అందరికంటే ముందు మాట్లాడేశాడు.

మొదటి రెండు వారాలు హిరగానా 46 అక్షరాలు, తర్వాత రెండు వారాలు కతకానా అనే రెండో అక్షరమాల, రోజూ ఒక పేజీ చేత్తో రాయాలి. ఆ తర్వాత రోజుకి మూడు కంజీలు, అంటే చైనా నుంచి వచ్చిన అక్షరాలు. ఎన్4కి సుమారు 300 కంజీలు, 1500 మాటలు కావాలి, కాబట్టి రోజుకి రెండు గంటలు పెడితే ఎనిమిది నుంచి పది నెలలు పడుతుంది. మూడు నెలల్లో ఎన్4 గ్యారంటీ అనే సెంటర్లకి డబ్బు కట్టకండి. చేరే ముందు, అక్కడ చదివి పాసైన ఇద్దరితో మాట్లాడిస్తారా అని అడిగి చూడండి, జవాబు దొరికేస్తుంది.

పుస్తకంలో ఎక్కువ కనపడని ఒక మాట ముందే నేర్చుకోండి: అబునాయ్! ప్రమాదం, జాగ్రత్త అని. మిషన్ దగ్గర ఎవరైనా ఆ కేక వేస్తే ఆలోచించకుండా వెనక్కి జరగాలి. నాకు ఆ మాట తెలుసు కాబట్టే కట్టర్ దగ్గర వేలు దక్కింది.

ఏజెంటుని ఎలా పరీక్షించాలి

మా పెద్దమ్మ కొడుకు కవిటి దగ్గర ఉంటాడు. జీడితోట కాగితాలు తాకట్టు పెట్టి ఒక ఏజెంటుకి నాలుగు లక్షలు కట్టాడు, కట్టాక నాకు చెప్పాడు. పలాస బస్టాండులో టీ కొట్టు దగ్గర కూర్చుని కవరు తీశాడు. రంగురంగుల లెటర్‌హెడ్, ఎర్ర సీలు, జీతం రెండు లక్షల యెన్లు అని పెద్ద అక్షరాలు. వీసా రకం ఉన్న చోట నాలుగు కంజీలు, చదివాను, తంకి తైజై. అంటే కొద్దికాలం ఉండటానికి, టూరిస్టులకి ఇచ్చేది, ఎక్కువలో ఎక్కువ 90 రోజులు, దాని మీద పని చేస్తే నేరం. "ఏటన్నా, ఏటైంది?" అని అడుగుతున్నాడు, నాకు నోట మాట రాలేదు. ఆ ఆఫీసుకి వెళ్తే తాళం ఉంది. తోట విడిపించుకోవడానికి వాడు మళ్లీ మస్కట్ వెళ్లాల్సొచ్చింది.

అందుకే చెప్తున్నా. విదేశాల్లో పనికి మనుషుల్ని పంపే ఏజెంటు ఎవరైనా 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద లైసెన్సు తీసుకోవాలి. కేంద్ర ప్రభుత్వ ఈమైగ్రేట్ సైట్‌లో ఆ నంబరు కొట్టి, పేరు, అడ్రసు, లైసెన్సు గడువు మూడూ సరిపోతున్నాయో లేదో చూడండి. వేరే కంపెనీ లైసెన్సు కాపీ గోడకి తగిలించి కూర్చునేవాళ్లు ఉంటారు. ఏజెంటు తన సేవకి 30 వేల రూపాయలు, దాని మీద జీఎస్టీ మాత్రమే తీసుకోవచ్చు. రసీదు ఇవ్వాలి. సొంత ఫోన్‌పే నంబరుకి వెయ్యమంటే అక్కడే లేచి వచ్చెయ్యండి. ఇంటర్న్‌గా పంపేవాళ్లైతే నేషనల్ స్కిల్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ జాబితాలో ఉన్నారో లేదో కూడా చూడాలి. అనుమానం ఉంటే ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం టోల్ ఫ్రీ నంబరు 1800 11 3090కి ఫోన్ చెయ్యండి, ప్రవాసాంధ్రుల కోసం రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన ఏపీఎన్ఆర్‌టీఎస్ వాళ్లని కూడా అడగొచ్చు.

భాష అక్కర్లేదు, పరీక్ష అక్కర్లేదు, వెళ్లాక వీసా మార్పిస్తాం అని ఎవరన్నా చెప్తే అది అబద్ధం. ఇంకో మాట లేదు.

సంతకం పెట్టే ముందు

కంపెనీ ఇంటర్వ్యూలో పాసయ్యాక కోయో జోకెన్ షో అనే కాగితం వస్తుంది, పని షరతుల పత్రం. మీకు అర్థమయ్యే భాషలో ఇవ్వాలి. అందులో నెల జీతం ఒక్కటి చూసి సంతకం పెట్టకండి. గంటకి ఎంత, నెలకి ఎన్ని గంటలు, ఓవర్‌టైం జీతంలోనే కలిపేశారా, అద్దె ఎంత కోస్తారు, సెలవులు ఎన్ని, ఇవన్నీ పెన్నుతో గీత గీసుకుంటూ చదవండి.

లెక్క ఇలా వేసుకోండి. 2025లో జపాన్ కనీస వేతనం దేశం సగటున గంటకి 1,121 యెన్లు చేశారు, జిల్లాని బట్టి మారుతుంది, కానీ ఎక్కడా 1,000కి తక్కువ లేదు. నెలకి 170 గంటలు అనుకుంటే 1,90,570 యెన్లు. వంద యెన్లకి 55 నుంచి 60 రూపాయలు అనుకుంటే లక్ష దాటింది కదా అని సంబరపడకండి, అందులో ఆరోగ్య బీమా, పెన్షన్, ఉద్యోగ బీమా, ఆదాయ పన్ను పోతాయి, ఆపైన అద్దె, కరెంటు, తిండి. రెండో ఏడాది జూన్ నుంచి రెసిడెంట్ ట్యాక్స్ కూడా కోస్తారు, ముందు ఏడాది సంపాదన మీద లెక్కగట్టి. నాకది తెలియక ఆ నెల పే స్లిప్పు చూసి జీతం తగ్గించేశారని అకౌంట్స్ ఆవిడతో గొడవపడబోయాను. అందుకని మొదటి ఏడాది పంపినంత రెండో ఏడాది పంపలేరని ఇంట్లో ముందే చెప్పి వెళ్లండి.

డిపాజిట్ కట్టాలి, మధ్యలో మానేస్తే జరిమానా కట్టాలి అన్న షరతు తొకుతెయ్ గినోలో పెట్టకూడదు, మీ దగ్గరే కాదు, మీ అమ్మానాన్నల దగ్గర కూడా తీసుకోకూడదు. అలాంటి కాగితం మీద సంతకం పెట్టమన్నారంటే ఫోటో తీసి ఉంచుకోండి.

ఆ తర్వాత కంపెనీ వాళ్లు జపాన్‌లో సర్టిఫికెట్ ఆఫ్ ఎలిజిబిలిటీ, అంటే మీరు అక్కడికి రావడానికి అర్హులని చెప్పే కాగితం తీస్తారు, అది మూడు నెలలే చెల్లుతుంది. దాంతో వీసాకి పెట్టాలి, మన రాష్ట్రం చెన్నై కాన్సులేట్ కిందికి వస్తుంది. సర్టిఫికెట్ చేతికి రాకముందే ఉన్న ఉద్యోగం మానెయ్యకండి, ఊరందరికీ భోజనాలు పెట్టకండి.

అక్కడికి వెళ్లాక

పాస్‌పోర్టు, రెసిడెన్స్ కార్డు ఎవరికీ ఇవ్వకండి. మా హాస్టల్ చూసే ఆయన మొదటి రోజే భద్రంగా ఉంచుతానని అందరి పాస్‌పోర్టులూ అడిగాడు. ఇంటర్న్‌ల పాస్‌పోర్టు తీసి పెట్టుకోవడం చట్టం ప్రకారం నేరం, శిక్షణలో చెప్పారు కాబట్టి ఇవ్వం అని మర్యాదగానే చెప్పాం, మళ్లీ అడగలేదు. పనిలో ఏది జరిగినా హోకొకు, రెన్‌రకు, సోదాన్, అంటే చెప్పడం, కబురు పెట్టడం, సలహా అడగడం. తప్పు జరిగితే దాచకుండా చెప్పినవాణ్నే వాళ్లు నమ్ముతారు. పని చేసిన గంటలు మీ సొంత చిన్న పుస్తకంలో రోజూ రాసుకోండి, ఓవర్‌టైం దగ్గర తేడా వస్తే చూపించడానికి అదే ఆధారం. పోలీసుకి 110, అంబులెన్సుకి 119.

తిరిగి వచ్చేటప్పుడు చాలామంది వదిలేసే డబ్బు ఒకటుంది. నెలనెలా కోసిన పెన్షన్‌లో కొంత మళ్లీ మనకి వస్తుంది, గరిష్ఠంగా ఐదేళ్లకి లెక్కగడతారు. వచ్చేముందు మునిసిపల్ ఆఫీసులో ఊరు వదిలి వెళ్తున్నట్టు కాగితం ఇవ్వాలి, పెన్షన్ నంబరు ఉన్న పత్రం దాచుకోవాలి, ఇక్కడికి వచ్చాక రెండేళ్ల లోపు దరఖాస్తు పంపాలి. అందులో నుంచి 20 శాతం పైగా పన్ను పట్టుకుంటారు, అది కూడా జపాన్‌లో మీ తరఫున ఒకరిని ట్యాక్స్ ప్రతినిధిగా పెట్టుకుంటే తిరిగి వస్తుంది, కాబట్టి విమానం ఎక్కకముందే తెలిసిన ఒకరిని ఒప్పించి ఆ ఫారం ట్యాక్స్ ఆఫీసులో ఇచ్చి రండి. నేను కొత్తవలస పోస్టాఫీసు నుంచి రిజిస్టర్డ్ పోస్టులో పంపాను, ఐదో నెలలో బ్యాంకులో పడింది. ఆ డబ్బుతోనే ఇంటి మీద స్లాబు వేయించాం.